మూడుసార్లు తట్టిన తలుపు

మా చిత్తూరు వైపు పెద్ద జబ్బు చేస్తే రాయవేలూరు సీఎంసీకి తీసుకెళ్తారు. దాని కథ తెలిశాక నాకు చాలాసేపు మాట రాలేదు.

ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో, అమెరికన్ మిషనరీల ఇంట పుట్టారు. తనకు మాత్రం మిషనరీ బతుకు ఇష్టం లేదు. అమ్మకు బాగాలేదని తిండివనం వచ్చారు, అంతే. ఒక రాత్రి ముగ్గురు భర్తలు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఇంట్లో పురుడు కష్టమైందట. ఐడా నాన్న డాక్టరే, కానీ మగ డాక్టర్ వద్దన్నారు. ఐడాకేమో వైద్యం రాదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు.

అది తన ఏసు పిలుపే అనుకున్నారామె. అమెరికా వెళ్ళి డాక్టరై, 1900లో వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టారు. 1918లో ఆడవాళ్ళకు వైద్య పాఠశాల పెట్టారు.

మనం మానవ సేవే మాధవ సేవ అంటాం కదా. ఇప్పుడు గుడికెళ్తే నేను ఒకటే అడుగుతున్నా: స్వామీ, నా తలుపు తడుతున్నదెవరు?