ఫారడే పండితుని శాస్త్రబోధ

విద్యుచ్ఛక్తిని యంత్రమువలన పుట్టించు మార్గమును 1831లో లోకమునకు చూపిన మైకేల్ ఫారడే పేరు మన పాఠకులకు క్రొత్తది కాదు. ఆ ఘనతనుగూర్చి వ్రాసినవారు పలువురు గలరు. మేమిచట ప్రస్తావింపదలచినది వేరొకటి. శాస్త్రమెరుగని జనులకును, వర్తకులకును, అధికారులకును శాస్త్రవిషయములను తెలియజెప్పుటకై ఆతడు జీవితమంతయు పడిన శ్రమ అంతగా ప్రచారమునకు రాలేదు.

ఆతడు 1791 సెప్టెంబరు 22వ తేదీని లండను చెంత నొక కమ్మరివాని యింట జన్మించెను. చదువుట, వ్రాయుట, కొలదిపాటి లెక్కలు, ఇదియే ఆతని బడిచదువు. పదునాలుగవ యేట పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పనికి కుదిరి, కట్టవచ్చిన పుస్తకములనే చదివి జ్ఞానము నార్జించెను. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసములను విని, వానిని శ్రద్ధగా వ్రాసి, అట్ట కట్టి డేవీకే పంపెను. మరుసటియేట రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలలో సహాయకుని ఉద్యోగము లభించెను. ఉన్నత గణితము మాత్ర మాతనికి కడవరకు పట్టుబడలేదు. ఈ కొరతయే ఆతనికి వరమైనదని మా యభిప్రాయము. సమీకరణముల చాటున దాగుటకు వీలులేనివాడు గనుక, తాను గ్రహించినదానిని కంటికి కనబడు వస్తువుతోనో తేట మాటతోనో చెప్పక తప్పినది కాదు.

అయినను మాటనేర్పు ఆతనికి పుట్టుకతో వచ్చినది కాదు. ఇరువదిరెండేండ్లు నిండకముందే మిత్రునికి వ్రాసిన లేఖలలో, సభాభవనమున గాలి యెట్లాడవలెనో, ఉపన్యాస మెంతసేపు సాగవచ్చునో చర్చించెను. గంటకు మించి యెవరును వినజాలరని ఆతని నిశ్చయము. (నేటి మన సభలలోని వక్తలు ఈ సంగతి నెరుగరు కాబోలు!) ఉచ్చారణ దిద్దుకొనుటకై పాఠములు చెప్పించుకొనెను. ఉపన్యసించునపుడు నెమ్మదిగా మాటాడుమని గుర్తుచేయు చీటీ యొకటి యెదుట పెట్టించుకొనెడివాడు. 1827 మొదలు క్రిస్‌మస్ దినములలో బాలబాలికలకు పందొమ్మిది పర్యాయము లుపన్యాసమాలల నిచ్చెను. అందు క్రొవ్వొత్తినిగూర్చినది సుప్రసిద్ధము. మంటపై చల్లని గాజుపాత్రను బోర్లించి అందు చెమ్మ పట్టుటను చూపెను. మంటలోని నల్లని భాగమున గాజుగొట్టమును వంచిపెట్టి, ఆవలి కొననుండి వచ్చు ఆవిరిని వెలిగించెను. క్రొవ్వొత్తి కాలుటకును మనుజుడు శ్వాసించుటకును గల పోలికను పిల్లలే గ్రహించునట్లు చెప్పెను.

పిల్లలను మెప్పించుట యొక యెత్తు, వినుట కిష్టపడనివారిచే వినిపించుట యొక యెత్తు. 1844లో డర్హాం ప్రాంతమున హాస్వెల్ బొగ్గుగని ప్రేలి 95 మంది పెద్దలును పిల్లలును మృతినొందిరి. ప్రభుత్వము ఫారడేను, భూగర్భశాస్త్రజ్ఞుడగు లయెల్‌ను విచారణకు పంపెను. బొగ్గు తీసివేసిన చోట్ల నిలిచిన వాయువును గొట్టములద్వారా వెలికి తీయవలెననియు, ప్రేలుడునకు బొగ్గుపొడియు తోడ్పడినదనియు వారు విశదముగా నివేదించిరి. యజమానులకు సూచన రుచింపలేదు. బొగ్గుపొడి మాట దశాబ్దములపాటు మూలబడెను. ఎంత తేటగా చెప్పినను వ్యయమునకు వెరచువాని చెవి కెక్కదు.

థేమ్సు నది విషయమున మాత్రము ఆతని మాట ఊరక పోలేదు. నగరపు మురుగంతయు ఆ నదిలోనే పడుచుండెను. 1853, 54 సంవత్సరముల కలరాకు లండనులో పదివేలకు పైగా జనులు బలియైరి. 1855 జూలైలో ఫారడే పొగపడవపై పోవుచు నీటి స్థితిని చూచి తెల్లని అట్టముక్కలను చింపి, సులభముగా మునుగునట్లు తడిపి, పడవ ఆగిన ప్రతి రేవుచెంతను నీట విడిచెను. ఎండ కాయుచున్నను అంగుళము లోతైనను చేరకముందే అవి కంటికి కనబడకుండెను. నిలువుగా పడిన ముక్క పైయంచు మునుగకముందే క్రిందియంచు మాయమాయెను. ఈ సంగతిని టైమ్సు పత్రికకు లేఖగా వ్రాసెను. అందు రసాయన విశ్లేషణ లేదు, పట్టిక లేదు. ఏ సేవకుడైనను అట్టముక్కతో పరీక్షించి చూడవచ్చును. పంచ్ పత్రిక, ఫారడే నదీదేవునికి చీటీ యందించుచున్నట్లు వ్యంగ్యచిత్రమును ప్రకటించెను. 1858 వేసవిలో దుర్గంధము పార్లమెంటు భవనములోనికే చొచ్చినపిమ్మట గాని చట్టము రాలేదు. బాజల్జెట్ నిర్మించిన మహాకాలువలు అటుపిమ్మటివి. మూడేండ్లముందే పామరునికిని అర్థమగు సాక్ష్యము పత్రికలో నుండుట చిన్న విషయమని మేము తలంపము.

ఇతరులకు తెలియజెప్పిన ఆతడే ఇతరులను తెలియజెప్పుడని అడుగుటకు సిగ్గుపడలేదు. 1857లో, అరువదియారేండ్ల వయస్సున, యువకుడగు మాక్సువెల్ పండితునికి లేఖ వ్రాయుచు, గణితజ్ఞులు తమ సిద్ధాంతములను వాడుకమాటలలోను అంత స్పష్టముగా చెప్పరాదా, ప్రయోగములు చేయువారికి అది ఉపకరించును గదా యని అడిగెను. ఫారడే 1867 ఆగష్టు 25వ తేదీని హాంప్టన్ కోర్టులో మరణించెను. ఆరేండ్లకు మాక్సువెల్ తన విద్యుదయస్కాంత గ్రంథమును ప్రకటించి, ఆ విషయమున గణితమును ముట్టకముందు ఫారడే పరిశోధనలను ఆమూలాగ్రము చదువ నిశ్చయించుకొంటినని పీఠికలో వ్రాసెను.