పిట్టల డాక్టరు జెర్డన్

ఈసారి నేను ఒక డాక్టరు గురించి రాస్తున్న. మందుల ముచ్చట కాదు, పిట్టల ముచ్చట.

ఆయన పేరు థామస్ జెర్డన్. 1811లో ఇంగ్లాండులో పుట్టిండు. 1836లో మద్రాసుకు వచ్చి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో డాక్టరుగా పనిచేశాడు. ఎక్కడికి బదిలీ అయితే అక్కడి పిట్టలను చూసేవాడు. చూసుడంటే, ఆ కాలంలో తుపాకితో కాల్చి చేతిలో పట్టుకొని చూసుడే. అది మాత్రం నాకు నచ్చలేదు.

1840ల్లో ఆయన నెల్లూరులో సివిల్ సర్జను. అక్కడి యానాదులకు బడి లేదు, పలక లేదు. కాని అడవి అంతా తెలుసు. అంత పెద్ద డాక్టరు వాళ్ళ దగ్గరికి పోయి జంతువుల సంగతులు అడిగి తెలుసుకున్నాడు. 1862 నుండి 1864 వరకు భారతదేశపు పక్షుల మీద పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు. అందులో వెయ్యికి పైగా రకాలున్నాయి, తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. 1872లో ఇంగ్లాండులో చనిపోయాడు.

ఆయన పేరు పెట్టిన పిట్ట ఒకటుంది. మనోళ్ళు దాన్ని కలివికోడి అంటారు. ముళ్ళపొదల్లో ఉంటుంది, రాత్రిపూట తిరుగుతుంది. 1900 తర్వాత శాస్త్రవేత్తలకు కనబడలేదు, ఇక లేదనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. పట్టి ఇచ్చింది ఎవరనుకున్నారు? అక్కడి ఊళ్ళో పిట్టలు పట్టే మనిషే!

ఇది చదివినప్పుడు నాకు మా తాత యాదికొచ్చిండు. మా తాండా నిజాంసాగర్ దిక్కు ఉంటది. తీతువు ఎత్తు మీద గుడ్లు పెడితే ఆ ఏడు వానలు మంచిగ పడతాయని తాత అంటడు. దసరాకు పాలపిట్టను అందరికంటే ముందు చూపిస్తడు. చలికాలం నీళ్ళ మీద బాతులు దిగితే దూరం నుండే ఇది ఫలానాది అని చెప్తడు. ఆయనకు సంతకం రాదు. ఏడో తరగతిలో నేను ఆయనకు సైన్సు తెలియదని నవ్విన. ఆయన ఏమీ అనలేదు, బీడీ ముట్టించుకొని అటు తిరిగిండు.

జెర్డన్ అయితే తాత పక్కన కూర్చుండి రాసుకునేటోడు.

పోయిన సెలవులకు నేను కూడా నోటుబుక్కు తీసుకపోయిన. 23 పేర్లు రాసిన. అన్నీ మా భాషలో చెప్పిండు, తెలుగులో 15 దొరికినయి. మిగతా 8 పిట్టల బొమ్మలు గీసి ఈ కాగితం కింద అతికిస్తున్న. మీకు ఎవరికైనా, వార్డెన్ సార్‌కైనా తెలిస్తే బొమ్మ పక్కన పెన్సిల్‌తో పేరు రాయండి.