చేపల మీద వంద రోజులు

ఆక్స్‌ఫర్డ్‌ పోషకాహార నిపుణుడు హ్యూ సింక్లెయిర్‌ (1910-1990) మహా మొండి. ఆహారంలో అత్యవసర కొవ్వు ఆమ్లాలు కొరవడితే గుండెజబ్బులు వస్తాయంటూ 1956లో ‘లాన్సెట్‌’ వైద్య పత్రికకు సుదీర్ఘ లేఖ రాశారు. చాలామంది ఒప్పుకోలేదు. 1976లో గ్రీన్‌లాండ్‌ వెళ్లి, చేపలు, సీల్‌ మాంసం తినే ఇన్యూట్‌లను పరిశీలిస్తున్న బృందంతో కలిశారు. 1979లో వంద రోజులు తానూ అవే తిన్నారు. చిన్న గాటు పెడితే కొద్ది నిమిషాల్లో ఆగాల్సిన రక్తం ఆగడానికి 50 నిమిషాలు పట్టింది! ఈ కొవ్వులు రక్తాన్ని తేలిగ్గా గడ్డకట్టనివ్వవని అలా తన ఒంటిమీదే చూపించారు.

మెనోపాజ్‌ తర్వాత గుండెపోటు ముప్పు పెరిగే మహిళలకు అంత సాహసం అక్కర్లేదు. వేపుడు కాకుండా వారానికి రెండుసార్లు చేపల పులుసు చాలు. రక్తం పలచబరిచే మందులు వాడేవారు మాత్రం చేపనూనె మాత్రలను డాక్టర్ని అడిగాకే వేసుకోవాలి.