హిమశిఖరాల తుంగపోచలు - సర్ జోసెఫ్ హుకర్ జీవితం

వరిమడిలో కలుపు తీసే స్త్రీ వృక్షశాస్త్రం చదువుకొని ఉండదు. అయినా గడ్డికీ తుంగకూ గల భేదం ఆమె వ్రేళ్ళకు తెలుసు. గడ్డికాడ గుండ్రంగా ఉంటుంది. నడుమ నడుమ కణుపులు తగులుతాయి. తుంగకాడ చాలవరకు మూడు పలకలుగా ఉంటుంది. మొదలు నుండి కంకి వరకు కణుపు తగలదు. గడ్డి ఆకు ఒర ఒక ప్రక్క విచ్చుకొని ఉంటుంది; తుంగ ఆకు ఒర కాడ చుట్టూ గొట్టంవలె మూసుకొని ఉంటుంది. మన రైతులు శత్రువుగా ఎంచే ఈ తుంగ కుటుంబానికి చెందిన మొక్కలే, చెట్టు నిలువజాలని హిమాలయ శిఖరాలపై పచ్చని తివాచీవలె పరచుకొని ఉన్నాయి. చూపునకు అన్నీ ఒక్కటిగానే తోస్తాయి. వాటిని వేరువేరుగా గుర్తించడమెట్లో లోకానికి తెలిపిన ప్రయత్నంలో అగ్రగణ్యులలో ఒకరు సర్ జోసెఫ్ డాల్టన్ హుకర్. భాషాబోధకుడనైన నేను వృక్షశాస్త్రజ్ఞుని జీవితం వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని పదానికైనా మొక్కకైనా సరియైన పేరు పెట్టడం ఎంత శ్రమతో కూడిన పనో ఆయన జీవితం బోధిస్తుంది. అందుకే ఈ సాహసం.

హుకర్ 1817 జూన్ 30న ఇంగ్లండులోని సఫోక్ మండలంలో హేల్స్‌వర్త్ పట్టణంలో జన్మించారు. తండ్రి విలియం జాక్సన్ హుకర్ పేరెన్నికగన్న వృక్షశాస్త్రజ్ఞుడు. 1820లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి స్వీకరించారు. ఆ ఇల్లే ఒక పాఠశాల. పసితనంలోనే ఆ బాలుడు గ్లాస్గో వీధిలోని గోడపై మొలచిన నాచును గుర్తించి మురిసిపోయాడట. ఏడవ ఏటినుండే తండ్రి ఉపన్యాసాలు వినసాగాడు. ఇతరుల కంటికి ఆనని అల్పమైన మొక్కపై దృష్టి నిలిపే గుణం ఆనాడే ఆయనకు అబ్బింది.

1839లో వైద్యపట్టా పొంది, అదే సంవత్సరం జేమ్స్ క్లార్క్ రాస్ నాయకత్వాన దక్షిణ ధ్రువ సముద్రాలకు బయలుదేరిన ఎరిబస్ నౌకలో సహాయ వైద్యునిగా చేరారు. నాలుగేళ్ళ ఆ యాత్రలో, గాలికీ చలికీ ఎత్తయిన వృక్షాలు నిలువలేని దీవులను ఆయన చూశారు. అక్కడ దొరికిన తుంగజాతులలో అన్‌సినియా అనేవి కొన్ని. వీటి గింజతిత్తి నుండి కొక్కెంవంటి ముల్లు ఒకటి బయటికి వస్తుంది. అది పక్షి ఈకకు తగులుకొని గింజను దూరదేశాలకు చేరుస్తుంది. తిరిగివచ్చిన పిదప ఈ తుంగల పరిశీలనను లండనులో నివసించే ఫ్రాన్సిస్ బూట్ అనే మిత్రునికి అప్పగించారు. బూట్ వాటిలో ఒకదానికి హుకర్ పేరే పెట్టారు. ఈ ఇరువురి స్నేహం తర్వాత హిమాలయ తుంగల చరిత్రలో ఒక అధ్యాయమైంది.

1847 నవంబరులో హుకర్ భారతదేశానికి పయనమయ్యారు. కొత్త గవర్నరు జనరల్ డాల్‌హౌసీ ప్రభువు కూడ అదే ప్రయాణంలో ఉన్నారు. 1848 జనవరిలో కలకత్తా చేరారు. అక్కడి వృక్షోద్యానానికి పూర్వం అధిపతిగా ఉన్న విలియం రాక్స్‌బర్గ్ మన తెలుగువారికి పరాయివాడు కాడు. ఆయన కలకత్తా వెళ్ళక పూర్వం సామర్లకోటలో ఉండి, మన తీరప్రాంతపు మొక్కలను వర్ణించి, వాటి తెలుగు పేర్లను కూడ నమోదు చేసిన విద్వాంసుడు. పల్లపు నేలల తుంగలను రాక్స్‌బర్గ్ వంటివారు వర్ణించి ఉండగా, హుకర్ చూపు మేఘమండలానికి పైనున్న తుంగలపై నిలిచింది.

ఆ ఏప్రిల్‌లో ఆయన డార్జిలింగ్ చేరారు. అక్కడ బ్రయన్ హాజ్‌సన్ అనే పండితుడు ఆతిథ్యమిచ్చారు. 1848 అక్టోబరు నుండి కొన్ని నెలలు తూర్పు నేపాలులోను, 1849లో సిక్కింలోను సంచరించారు. వర్షాకాలం, అడవినిండా జలగలు, మొక్కల నడుమ ఉంచిన కాగితాలు తడిసి బూజు పట్టకుండ నిప్పుసెగలో ఆరబెట్టుకోవలసిన దుస్థితి. లెప్చా జాతివారు మొక్కలు ఏరి తెచ్చారు, భారాలు మోశారు, దారులు చూపారు. వారి నేర్పునూ సౌజన్యాన్నీ ఆయన తమ యాత్రాగ్రంథంలో మనసారా కొనియాడారు. ఆ సహాయమే లేకుంటే ఆయన సేకరణ సాధ్యమయ్యేది కాదు.

పర్వతాన్ని ఎక్కుతున్నకొద్దీ చెట్లు పొదలయ్యాయి. పొదలు నేల కరచుకొన్నాయి. పిదప పచ్చిక మాత్రమే మిగిలింది. ఆ పచ్చికలో అధికభాగం గడ్డి కాదు, తుంగయే. ఇక్కడ మొక్కను గుర్తించదలచిన వానికి మొదటి సాక్ష్యం అది నిలిచిన చోటు. కరగిన మంచునీరు ఊరే బురదనేలలో ఒక తెగ. గాలికి ఎండిన గట్టులపై గట్టి పచ్చికగా అల్లుకొనేది మరొక తెగ. టిబెట్టు పీఠభూమిలోని ఇసుకనేలల్లో లోతుగా ప్రాకే కాండంతో ఇసుకను పట్టి ఉంచేది ఇంకొక తెగ. కేరెక్స్ మూర్‌క్రాఫ్టియై అనే తుంగ ఈ మూడవ తెగలోనిది. దాని ఆకులు మందంగా, బిరుసుగా ఉంటాయి. కేరెక్స్ ఆర్బిక్యులారిస్ అనేది తడి పచ్చికబయళ్ళ నివాసి. 1849 సెప్టెంబరులో హుకర్ 18,000 అడుగులకు పైబడిన డోంకియా కనుమను చేరారు. అంతటి ఎత్తులోను చిన్న మొక్కలు జీవిస్తుండడం ఆయన కళ్ళారా చూశారు.

ఆ సంవత్సరమే నవంబరులో ఒక విపత్తు సంభవించింది. డార్జిలింగ్ పాలనాధికారి ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్, హుకర్ కలిసి సిక్కిం దర్బారు అభీష్టానికి విరుద్ధంగా టిబెట్టు సరిహద్దు దాటారు. తిరుగుదారిలో చోలా కనుమ ప్రాంతాన సిక్కిం దివాను మనుషులు వారిని నిర్బంధించారు. క్యాంప్‌బెల్ దేహబాధ కూడ అనుభవించారు. హుకర్‌పై వారికి అంత కక్ష లేకున్నా ఆయన మిత్రుణ్ణి వదలక వెంట నడిచారు. డిసెంబరులో విడుదలై ఇరువురూ డార్జిలింగ్ చేరారు. దీని ఫలితంగా 1850లో సిక్కిం తన దిగువ భూములను బ్రిటిషువారికి కోల్పోయింది. శాస్త్రజ్ఞుని సంచారం సైతం సామ్రాజ్యపు నీడలోనే సాగిందన్న సత్యాన్ని మనం దాచనక్కరలేదు. హుకర్ సేకరించిన మొక్కలు లోకానికి సొత్తయ్యాయి. ఆ యాత్ర వెల మాత్రం ఒక చిన్న రాజ్యం కూడ చెల్లించింది.

1850లో థామస్ థామ్సన్ అనే బాల్యమిత్రునితో ఖాసీ కొండలలో తిరిగి, 1851లో హుకర్ స్వదేశం చేరారు. అసలు పని అప్పుడే ఆరంభమైంది. ఎండిన తుంగపోచను బల్లమీద ఉంచి పేరు నిర్ణయించడమెట్లు? ఎత్తును నమ్మరాదు. లోయలో మోకాలెత్తు పెరిగిన తుంగయే శిఖరంపై వ్రేలెడై నిలువవచ్చు. రంగును పూర్తిగా నమ్మరాదు. ఎండకూ చలికీ పొలుసులు నల్లబడతాయి. కనుక కంకిని విప్పి చూడవలె. కేరెక్స్ పుష్పాలలో స్త్రీ పురుష భేదం ఉంటుంది. మగపూలూ ఆడపూలూ వేరు కంకులలో ఉన్నవా, ఒకే కంకిలో ఉన్నవా, ఉంటే ఏవి పైన, ఏవి క్రింద అన్నది మొదట గమనించవలె. ఆడపూవులోని అండాశయాన్ని ఒక పలుచని తిత్తి కప్పి ఉంటుంది. ఆ తిత్తి ఆకారమేమి? దానికి ముక్కు ఉన్నదా? నరాలెన్ని? పైకి వచ్చిన కీలాగ్రాలు రెండా, మూడా? రెండైతే గింజ సాధారణంగా పప్పుబద్దవలె చదునుగా ఉంటుంది. మూడైతే మూడు పలకలుగా ఉంటుంది. గుండ్రని తిత్తి, రెండు కీలాగ్రాలు గల ఆర్బిక్యులారిస్‌ను మూర్‌క్రాఫ్టియై నుండి వేరుచేసేది ఇటువంటి లక్షణమే. మారే గుణాన్ని విడిచి, మారని గుణాన్ని పట్టుకోవడమే ఈ విద్యలోని రహస్యం.

ఈ విద్యలో ఆరితేరినవారే ఫ్రాన్సిస్ బూట్. ఆయన 1792లో అమెరికాలోని బోస్టనులో పుట్టి లండనులో స్థిరపడిన వైద్యుడు. 1846 డిసెంబరులో ఈథరుతో మత్తు కలిగించే ప్రక్రియ వార్త అమెరికా నుండి ఆయనకు చేరగా, ఆ మత్తుతో ఆయన ఇంటనే పన్ను తీయించారు. అట్టి వ్యక్తి తన జీవితంలో అధికభాగం కేరెక్స్ ప్రజాతికే ధారపోశారు. మంచుకొండల కేరెక్స్ నివాలిస్‌కు నామకరణం చేసినదీ ఆయనే. హుకర్ తెచ్చిన హిమాలయ తుంగలు ఆయన చేతికే చేరాయి. 1858 నుండి, స్వంత వ్యయంతో, బృహత్పరిమాణంలో కేరెక్స్ చిత్రగ్రంథాన్ని భాగాలుగా వెలువరించారు.

1863 హుకర్‌కు దుఃఖమయమైన సంవత్సరం. ఆ సెప్టెంబరులో ఆరేళ్ళ కుమార్తె మరణించింది. ఆ గాయం మానకముందే, క్రిస్మస్ దినాన బూట్ కూడ కన్నుమూశారు. గ్రంథం మూడు భాగాలే వెలువడింది. నాలుగవ భాగపు చిత్రాలు అసంపూర్ణంగా మిగిలాయి. 1865లో తండ్రి మరణించగా క్యూ ఉద్యానాధిపత్యం హుకర్ భుజాలపై పడింది. అంతటి భారం నడుమ కూడ, చనిపోయిన మిత్రుని నాలుగవ భాగాన్ని ఆయన శ్రద్ధతో చక్కదిద్ది 1867లో వెలువరించారు. 600 చిత్రఫలకాల ఆ గ్రంథంపై పేరు బూట్‌దే. ఇతరుల శ్రమకు తన ముద్ర వేసుకొనని ఈ నిజాయితీ హుకర్ వ్యక్తిత్వంలో మకుటాయమానమైనది.

కొత్త మొక్క దొరికినదే తడవుగా కొత్త పేరు పెట్టే ఆత్రం ఆనాటి పండితులలో విరివిగా ఉండేది. హుకర్, థామ్సన్‌లు 1855లో ప్రకటించిన గ్రంథపు ఉపోద్ఘాతంలో ఈ ఆత్రాన్ని గట్టిగా ఖండించారు. ఒకే పోచను చూసి జాతిని నిర్ణయించరాదు; వేర్వేరు ఎత్తులనుండి, వేర్వేరు నేలలనుండి అనేక నమూనాలు తెచ్చి ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెనని వారి వాదం. మొక్కలు ఇంతగా ఎందుకు మారుతాయన్న ప్రశ్న హుకర్‌ను ఛార్లెస్ డార్విన్ ఆలోచనలకు చేరువ చేసింది. 1844లోనే డార్విన్ తన సిద్ధాంతాన్ని రహస్యంగా తెలిపిన మిత్రుడు హుకర్. 1858 జూలై 1న లిన్నియన్ సొసైటీలో డార్విన్, వాలెస్‌ల వ్యాసాలను ప్రవేశపెట్టినవారు హుకర్, లయల్.

భారతదేశ వృక్షసంపదను సమగ్రంగా వర్ణించే ఏడు సంపుటాల గ్రంథం 1872లో ఆరంభమై 1897లో ముగిసింది. అందులో తుంగ కుటుంబాన్ని హుకర్ తాము వ్రాయలేదు. ఆ భాగాన్ని ఛార్లెస్ బేరన్ క్లార్క్‌కు అప్పగించారు. క్లార్క్ కేంబ్రిడ్జిలో గణితం చదివి, కలకత్తాలో బోధించి, బెంగాలులో పాఠశాలల పరిశీలకునిగా పనిచేసిన విద్యావేత్త. తుంగలపై ఆయన అధికారం సర్వసమ్మతం. 1894లో వచ్చిన ఆరవ సంపుటంలో ఆయన వర్ణించిన వాటిలో కోబ్రీసియా పిగ్మియా ఒకటి. తరచు రెండు మూడు సెంటీమీటర్లకు మించని ఈ తుంగ, దట్టమైన వేళ్ళతో నేలను కంబళివలె కప్పివేస్తుంది. టిబెట్టు పీఠభూమిలో సుమారు 4,50,000 చదరపు కిలోమీటర్ల మేర ఇదే ప్రధాన పచ్చిక అని నేటి పరిశోధకులు లెక్కకట్టారు. జడలబర్రెలకు మేత అదే; ఆ మట్టి కొట్టుకుపోకుండ కాచేదీ అదే. కేరెక్స్‌లో గింజతిత్తి అంచులు పూర్తిగా మూసుకొంటాయి. కోబ్రీసియాలో ఒక ప్రక్క తెరచి ఉంటాయి. ఆ సన్నని చీలికయే రెండు ప్రజాతులకు సరిహద్దుగా ఆనాడు నిర్ణయమైంది.

హుకర్ 1873 నుండి 1878 వరకు రాయల్ సొసైటీ అధ్యక్షులుగా ఉన్నారు. 1885లో క్యూ పదవి విరమించారు. కాని భూతద్దాన్ని విరమించలేదు. ఏడవ సంపుటంలో గడ్డి కుటుంబాన్ని తామే వర్ణించారు. ఎనుబదవ ఏట ఆ మహాగ్రంథాన్ని ముగించారు. అటుపిమ్మట కాశీతుమ్మ జాతి పూలమొక్కల పరిశీలనలో మునిగి, 1911 డిసెంబరు 10న, 94వ ఏట పరమపదించారు. కోరిక ప్రకారం క్యూలోనే తండ్రి సమాధి చెంత శాశ్వతంగా విశ్రమించారు.

ఆయన గతించిన శతాబ్దం తరువాత, 2015లో, ప్రపంచ తుంగ పరిశోధకులు జన్యుపదార్థ పరీక్షల ఆధారంతో కోబ్రీసియానూ, దక్షిణ దీవులలో హుకర్ చూసిన అన్‌సినియానూ కేరెక్స్‌లోనే కలిపివేశారు. నేడు ఆ ప్రజాతిలో సుమారు 2,000 జాతులున్నాయి. తిత్తి మీది చీలిక ఇప్పటికీ జాతిని గుర్తించడానికి అక్కరకు వస్తుంది. కాని అది వంశాన్ని విడదీసే గోడ కాదని తేలింది. దీనివల్ల బూట్, క్లార్క్, హుకర్‌ల శ్రమ వ్యర్థమైనట్లు కాదు. వారు భద్రపరచిన నమూనాలూ, గీయించిన చిత్రాలూ, వ్రాసిన వర్ణనలూ ఉన్నందువల్లనే తరువాతివారు వాటితో సరిపోల్చి తప్పొప్పులు నిర్ణయించగలిగారు.

విద్యార్థి మిత్రులారా! ఒక్క పోచను చూసి పేరు పెట్టవద్దన్న హుకర్ హితవు మొక్కలకు మాత్రమే పరిమితం కాదు. మనిషినీ, మతాన్నీ, భాషనూ కూడ మనం తరచు ఒక్క నమూనాతోనే తూచుతాము. ఎత్తునూ రంగునూ చూసి నిర్ణయిస్తాము. రేపు మీరు పొలంగట్టు మీద నడిచేటప్పుడు ఒక తుంగపోచ త్రుంచి, వ్రేళ్ళ నడుమ త్రిప్పి చూడండి. మూడు పలకలు తగులుతాయి. దాని దాయాదులు పర్వతశిఖరాలపై మంచుక్రింద నిలిచి నేలను కాపాడుతున్నవని తలచుకోండి. అల్పమని త్రోసివేసిన దానిని వంగి పరిశీలించే ఓపికయే విద్యకు మొదటి మెట్టు.