అల్లాడి కృష్ణస్వామి అయ్యరు

మన అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది మొదట చిన్న వాగు. బాలురు సైతము సులభముగా దాటగలరు. ఆ నదియే 1908వ సంవత్సరము సెప్టెంబరు నెలలో పొంగి, హైదరాబాదు నగరమును ముంచి, వేలకొలది ప్రాణములను గొనిపోయెను. పిమ్మట గండిపేట చెరువును గట్టి ఆ నీటినే నగరవాసుల త్రాగునీరుగా మార్చిరి. అధికారమును నీటివంటిదే. కట్ట లేనిచో ఊరిని ముంచును. కట్టకు తూము లేనిచో పొలము లెండును. ఈ రెంటిని ఎరిగి మన రాజ్యాంగమును నిర్మించిన పెద్దలలో నొకరి చరిత్రమును మా విద్యార్థులకు చెప్పదలచితిమి.

కృష్ణస్వామి అయ్యరు 1883వ సంవత్సరము మే 14వ తేదీన నెల్లూరు మండలములోని పుదూరు గ్రామమున జన్మించిరి. తండ్రి ఏకామ్రశాస్త్రి పురోహితులు. 1899లో మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థులై, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చరిత్రమును, తరువాత న్యాయశాస్త్రమును చదివిరి. మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా గొప్ప ఖ్యాతి గడించి, 1929 మొదలు 1944 వరకు ఆ రాజధానికి అడ్వొకేటు జనరలుగా నుండిరి. తరువాత రాజ్యాంగసభకు సభ్యులై, 1947 ఆగస్టు 29వ తేదీన ఏర్పడిన ముసాయిదా సంఘమున డాక్టరు అంబేడ్కరుగారి అధ్యక్షత క్రింద పనిచేసిన ఏడుగురిలో నొకరైరి.

ఆ సభవారి యెదుట నుండిన మాదిరులలో అమెరికా రాజ్యాంగము ముఖ్యమైనది. 1787లో ఫిలడెల్ఫియా నగరమున వ్రాయబడిన ఆ రాజ్యాంగము కేంద్ర ప్రభుత్వాధికారమును మూడు శాఖలకు పంచి యిచ్చినది. శాసనములు చేయునది కాంగ్రెసు. అందు సెనేటనియు, ప్రతినిధుల సభయనియు రెండు సభలు. శాసనములను అమలుపరచువాడు 4 సంవత్సరముల కొకమారు ఎన్నుకొనబడు అధ్యక్షుడు. వివాదములను తీర్చునవి సుప్రీంకోర్టును, దాని క్రింది న్యాయస్థానములును. ఏ శాఖయు హద్దు మీరకుండ తక్కిన శాఖలు కాచుచుండును. కాంగ్రెసు పంపిన బిల్లును అధ్యక్షుడు నిరాకరింపవచ్చును. రెండు సభలును మూడింట రెండువంతుల ఓట్లతో దానిని మరల నెగ్గించుకొనవచ్చును. న్యాయాధిపతులను అధ్యక్షుడు సెనేటు సమ్మతితో నియమించును. రాజ్యాంగవిరుద్ధమైన శాసనము చెల్లదని చెప్పు అధికారము తనకు గలదని సుప్రీంకోర్టు 1803లో తీర్పు చెప్పెను.

ఇంత చక్కని కట్టడమును మన మేల యథాతథముగా గైకొనలేదని మీ రడుగవచ్చును. 1948 డిసెంబరులో ఈ ప్రశ్న సభయందు చర్చకు రాగా కృష్ణస్వామిగారు నిదానించి యుత్తరమిచ్చిరి. శాసనసభయు కార్యనిర్వాహకులును నిత్యము కలహించుచుండిన యెడల అప్పుడే పుట్టిన ప్రజాప్రభుత్వము తాళజాలదని వారి భయము. కావున సభకు జవాబుదారులైన మంత్రులే పాలింపవలెనని వారు వాదించిరి. అట్లని న్యాయస్థానముల బలమును తగ్గింపగోరలేదు. పౌరుల ప్రాథమిక హక్కులకు న్యాయస్థానము రక్షగా నుండవలయునని మొదటినుండి కోరినవారిలో వా రొకరు.

అయితే వారిని మిక్కిలి చిక్కులబెట్టిన ప్రశ్న మరియొకటి గలదు. ఒక మనుష్యుని స్వేచ్ఛను హరించు శాసనము న్యాయమైనదా, కాదా యని విచారించు అధికారము న్యాయాధిపతుల కుండవలెనా? అమెరికాలో నున్నది. కాని 1905లో అచ్చటి సుప్రీంకోర్టు, రొట్టెల కార్ఖానా పనివారిచే దినమునకు 10 గంటలకు మించి పని చేయింపరాదను న్యూయార్కు శాసనమును కొట్టివేసెను. బీదల మేలుకై చేసిన చట్టము లిట్లు చెడునేమో యని మనవారు జంకిరి. అమెరికా తీర్పులలో నిలుకడ లేదని చెప్పి, కృష్ణస్వామిగారును శాసనము నిర్ణయించిన పద్ధతి చాలునను పక్షమునే బలపరచిరి.

దాని ఫలము వెంటనే కానవచ్చెను. 1950లో విచారణ లేకయే నిర్బంధింపబడిన ఏ.కే. గోపాలను గారు సుప్రీంకోర్టును ఆశ్రయింపగా, పద్ధతి శాసనసమ్మతమైనచో చాలునని న్యాయాధిపతులలో అధికసంఖ్యాకులు తీర్పు చెప్పిరి. 1978లో మేనకాగాంధీగారి వ్యాజ్యమున మాత్రము ఆ పద్ధతి న్యాయముగను, సమంజసముగను ఉండవలెనని అదే న్యాయస్థానము నిర్ణయించెను. అప్పటికి కృష్ణస్వామిగారు గతించి 24 సంవత్సరములు దాటెను. వారు 1953 అక్టోబరు 3వ తేదీన పరలోకగతులైరి.

దీనివలన వారి గౌరవమునకు లోటు లేదు. మేలు గోరి కట్టిన గట్టుకును మరమ్మతు కావలసి వచ్చును. ఆ మరమ్మతునకు చోటుంచుటయే మంచి కట్టడము. చదువురాని బీదవానికిని ఓటు ఉండవలెననుటయందు వారు సామాన్యుని నమ్మిరి. ఆ నమ్మికవలననే 1952లో మన వికారాబాదు ప్రాంతపు కూలివాడును జాగీర్దారుతో సమానముగా ఓటు వేసెను. విద్యార్థులారా! ఆ నమ్మికకు తగినవారగుట యిక మీ పని.