ఇసుక మీద నిలిచిన ఆనకట్ట: సర్ ఆర్థర్ కాటన్ జీవితము

బండ మీద ఇల్లు కట్టిన బుద్ధిమంతుని గూర్చియు, ఇసుక మీద కట్టిన బుద్ధిహీనుని గూర్చియు ప్రభువు చెప్పిన ఉపమానమును మనమందరము బాల్యము నుండి విన్నవారమే. అయితే బండ దొరకని చోటనే కట్టవలసి వచ్చినవాడు ఏమి చేయవలెను? దవళేశ్వరము వద్ద గోదావరి గర్భము ఇసుక. ఆ ఇసుక మీద 1852లో పూర్తియైన ఆనకట్ట నూరేండ్లకు పైగా డెల్టాకు నీరిచ్చినది. దానిని కట్టించిన కాటన్ దొర జీవితమును సంఘస్థుల ముందు క్లుప్తముగా ఉంచుచున్నాము.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లాండులో జన్మించెను. ఆడిస్కూంబ్ సైనిక విద్యాలయములో చదివి, మద్రాసు ఇంజినీర్ల దళములో చేరి, 1821లో మన దేశమునకు వచ్చెను. ఆయన భక్తిగల క్రైస్తవుడు.

ఆయనకు అసలైన పాఠశాల కావేరీ తీరము. అక్కడ చోళరాజుల కాలపు కల్లణై ఆనకట్టను ఆయన శ్రద్ధగా పరిశీలించెను. పూర్వులు ఇసుకలో రాళ్లు వేసిరి. ప్రవాహము ఇసుకను కోసినకొలది రాళ్లు క్రిందికి దిగెను. వారు మరల రాళ్లు వేసిరి. దిగవలసినంత దిగిన పిమ్మట అదియే పునాదియైనది. ఈ విద్య మన దేశపు పెద్దల వలన నేర్చుకొంటినని ఒప్పుకొనుటకు ఆయన సిగ్గుపడలేదు.

1836 నాటికి ఆయన కొల్లడం నదిపై రెండు ఆనకట్టలు కట్టించెను. పంటలు పెరిగినవి. కాని ఎగువ ఆనకట్ట వలన కావేరిలోనికి నీరు అధికముగా మళ్లి, దాని అడుగు కోతకు గురికాసాగెను. దానిని అదుపు చేయుటకు 1840 తరువాత కావేరి ముఖద్వారమున మరియొక కట్టడము అవసరమైనది. నదిని ఒక చోట ముట్టుకొన్నచో మరియొక చోట కదలునను సంగతి అక్కడ తేటపడినది.

అప్పటి రాజమండ్రి జిల్లా స్థితి దయనీయము. 1832-33 నాటి కరువును జనులు డొక్కల కరువనిరి. 1839లో కోరంగి తీరమును ఉప్పెన ముంచెను. 1821లో ఏడు లక్షలకు పైగా ఉన్న జిల్లా జనాభా 1841 నాటికి ఐదున్నర లక్షల చిల్లరకు తగ్గెను. నది నిండుగా పారుచుండగా ప్రజలు ఆకలితో చచ్చుచుండిరి. ఇది కాటన్ మనస్సును కలచివేసెను. ఆయన ప్రణాళికకు 1846లో అనుమతి లభించెను. 1847లో పని ఆరంభమాయెను.

ఆ కట్టడపు తీరును మనము గమనింపవలెను. నదికి అడ్డముగా ఒకే గోడ పెట్టక, మధ్యనున్న లంకలను ఆధారము చేసికొని దవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్టిరి. ఒక భాగమునకు దెబ్బ తగిలినను తక్కినవి నిలిచియుండును. వరదను ఆపవలెనని చూడలేదు. సుమారు పన్నెండడుగుల కట్ట మీదుగా దానిని పొర్లిపోనిచ్చిరి. ఇసుకలో బావులు దింపి గోడ నిలిపి, నీరు పడుచోట విడిరాళ్లను వెడల్పుగా పరచిరి. ఇసుక కోసికొనిపోయినచో ఆ రాళ్లు జారి గుంటను పూడ్చును. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు వేర్వేరు తూములు పెట్టి, వాటి ప్రక్కనే మేటను కడిగివేయు తూములుంచిరి. మరమ్మతునకు రాయి దవళేశ్వరపు కొండలోనే దొరకెను. దెబ్బ తగులుట నిశ్చయమని ముందే యెంచి, ఆ దెబ్బ చిన్నదిగాను, బాగుచేయదగినదిగాను ఉండునట్లు కట్టుటయే ఆయన జ్ఞానము.

పని ఒక్కని మీదనే ఆధారపడియుండలేదు. ఆరోగ్యము చెడి కాటన్ సెలవుపై పోవలసి వచ్చినప్పుడు కెప్టెన్ ఆర్ పని నడిపెను. వీణెం వీరన్నగారు కూలీలను సమకూర్చి పని సాగించుటలో కుడిభుజమై నిలిచెను. రాళ్లు మోసిన వేలాది కూలీల పేర్లు మనకు మిగులలేదు.

ఆయన చేపట్టినదంతయు సఫలము కాలేదు. ఆయన ప్రోత్సహించిన కర్నూలు-కడప కాలువ కంపెనీకి నష్టమునే మిగిల్చెను. 1861లో సర్ బిరుదు పొందిన ఆయనయే 1878లో పార్లమెంటు సంఘము ఎదుట కఠిన ప్రశ్నలకు జవాబు చెప్పవలసి వచ్చెను. రైళ్ల కంటె కాలువలే ఈ దేశమునకు ముఖ్యమను మాటను ఆయన విడువలేదు. 1899 జూలై 24న డార్కింగులో, 96 ఏండ్ల వయస్సున కన్నుమూసెను. నేటికిని గోదావరి రైతులు మతభేదము లేక ఆయనను అపర భగీరథునిగా తలచుచున్నారు.

తరువాతి ఇంజినీర్లు ఆ కట్ట ఎత్తు పెంచిరి. వృద్ధాప్యము వచ్చిన పిమ్మట 1970 తరువాత 175 తలుపులతో క్రొత్త బ్యారేజీ కట్టి, దానికి ఆయన పేరే పెట్టిరి. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు బ్యారేజీ నిలిచెను గాని, గట్లు పలుచోట్ల తెగి ఊళ్లు మునిగెను. నడుమ ఎంత గట్టిగా కట్టినను, అంచున బలహీనముగా విడిచిన గట్టును వరద విడువదు.

కాటన్ విగ్రహమునకు పూలమాల వేయుట సులభము. వేసవిలో కాలువ పూడిక తీయుట, వర్షము రాకమునుపు గట్టు మీద నడిచి గండి పడబోవు చోటును కనిపెట్టుట కష్టమైన పని. ఇసుక మీద కాపురముండు మనకు ఆయన విడిచిన ఆస్తి ఆ పనియేయని మేము తలంచుచున్నాము.