పొగలోకి దిగిన మెకానిక్

కోచింగ్‌కి టైమైపోతుంటుంది. సరిగ్గా అప్పుడే సిగ్నల్ పడుతుంది. క్లచ్ పట్టుకుని, దిగుతున్న అంకెలు చూస్తూ విసుక్కుంటాం. ఈసారి ఆగినప్పుడు ఒకటి గమనించండి. చాలా జంక్షన్లలో అటువైపు ఎరుపు పడగానే మనకు ఆకుపచ్చ రాదు. ఒకటి రెండు సెకన్లు అన్ని వైపులా ఎరుపే ఉంటుంది. మధ్యలో చిక్కుకున్న ఆటో బయటపడటానికీ, రోడ్డు సగం దాటిన పెద్దాయన అవతలి గట్టుకు చేరటానికీ ఆ కాస్త సమయం చాలు.

అందరినీ ఒకేసారి ఆపాలన్న ఈ ఆలోచనకు వందేళ్ల కిందటే ఒక యంత్రం తయారుచేసి, పేటెంటు తీసుకున్న మనిషి గారెట్ మోర్గాన్. ఇంజినీరింగ్ చదివినవాడు కాదు. ఎలిమెంటరీ స్కూలు దాటలేదు. పైగా నల్లజాతివాడు. ఆ రోజుల అమెరికాలో ఆ ఒక్క కారణం చాలు, తయారుచేసిన వస్తువు ఎంత మంచిదైనా కొనేవాడు వెనక్కి తగ్గటానికి.

1877 మార్చి 4న కెంటకీ రాష్ట్రంలోని ప్యారిస్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. తల్లిదండ్రులు బానిసత్వం చూసినవాళ్లు. పదకొండు మంది పిల్లల్లో ఇతను ఏడోవాడు. పద్నాలుగేళ్లకే పని వెతుక్కుంటూ సిన్సినాటి నగరానికి వెళ్లి ఒక భూస్వామి దగ్గర చేతిపనులకు కుదిరాడు. వచ్చే కూలే అంతంతమాత్రం. అందులోంచే కొంత తీసి, ఇంగ్లిష్ వ్యాకరణం చెప్పటానికి ఒక ట్యూటర్‌ని పెట్టుకున్నాడు. ఇంట్లోవాళ్లు పంపిన డబ్బుతో కోచింగ్ ఫీజు కట్టే మనకు ఈ లెక్క కాస్త కష్టంగానే అర్థమవుతుంది.

1895లో క్లీవ్‌లాండ్ చేరాడు. బట్టల ఫ్యాక్టరీలో ఊడ్చే పని దొరికింది. అక్కడి కుట్టు మిషన్లు ఎలా పనిచేస్తాయో, ఎందుకు ఆగిపోతాయో చూసి చూసి నేర్చుకున్నాడు. కొన్నాళ్లకు మిషన్ చెడిపోతే పిలిచేది ఇతన్నే. మిషన్ బెల్టు ఊడిపోకుండా పట్టి ఉంచే చిన్న బిగింపు ఒకటి తయారుచేసి 150 డాలర్లకు అమ్మాడు. అదే మొదటి సంపాదన అనుకోవచ్చు, ఆవిష్కర్తగా.

1907లో సొంతంగా రిపేరు షాపు పెట్టాడు. మరుసటి ఏడాది మేరీ హాసెక్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆమె బొహీమియా నుంచి వలస వచ్చిన కుట్టుపని నిపుణురాలు, తెల్లజాతి అమ్మాయి. ఆ పెళ్లి ఆ కాలంలో చిన్న విషయం కాదు. ఇద్దరూ కలిసి బట్టల షాపు పెట్టి, 32 మందికి పని ఇచ్చారు.

తర్వాతి మలుపు కొంచెం నవ్వు తెప్పిస్తుంది. వేగంగా కుట్టేటప్పుడు సూది వేడెక్కి ఉన్ని దారం మాడిపోతోంది. దానికి ఏదైనా నునుపు ద్రవం పూస్తే సరి అనుకుని రకరకాలు కలిపి చూస్తున్నాడు. భోజనానికి పిలుపొస్తే చేతులు ఒక నూగు గుడ్డకు తుడిచేసి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి గుడ్డ మీద నూగు నిటారుగా సాపు అయిపోయి ఉంది. పక్కింటివాళ్ల ఎయిర్‌డేల్ కుక్క మీద పూసి చూశాడు. దాని ఉంగరాల బొచ్చు ఎంత సాపు అయ్యిందంటే, సొంత యజమానే దాన్ని గుర్తుపట్టలేదట. ఆ తర్వాత తన తలకే పూసుకున్నాడు. 1913లో జుట్టు క్రీముల కంపెనీ మొదలైంది. ఇది లోకాన్ని మార్చిన ఆవిష్కరణేం కాదు. కానీ ఇంటి ఖర్చులకు లోటు లేకుండా చేసి, మిగతా ప్రయోగాలకు వెసులుబాటు ఇచ్చింది ఈ క్రీమే. స్టార్టప్ పాఠాల్లో ఎవరూ చెప్పని విషయం ఇది. పెద్ద ఆలోచనకు తిండి పెట్టేది ఒక్కోసారి పక్కనున్న చిన్న వ్యాపారం.

తలకు తొడుక్కునే రక్షణ

ఆ పెద్ద ఆలోచన మంటల గురించి. కాలుతున్న భవనంలోకి వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది నిప్పు కన్నా ముందు పొగకే పడిపోయేవారు. మోర్గాన్ ఒక సంగతి పట్టుకున్నాడు. వేడి పొగ పైకి లేస్తుంది, కాబట్టి ఊపిరి పీల్చదగ్గ గాలి ఏదైనా ఉంటే అది నేలకు దగ్గరగా ఉంటుంది. తలంతా కప్పే ముసుగు కుట్టాడు. దాని నుంచి పొడవాటి గొట్టాలు కిందికి, దాదాపు నేల వరకు వేలాడతాయి. గొట్టం చివర తడి స్పాంజి. అది లోపలికి వచ్చే గాలిని చల్లబరుస్తుంది, మసిని ఆపుతుంది. వదిలిన ఊపిరి వేరే దారిలో బయటికి పోతుంది. సిలిండరు లేదు, బరువు లేదు. 1912లో దరఖాస్తు పెడితే 1914లో పేటెంటు వచ్చింది. న్యూయార్క్‌లో జరిగిన భద్రతా పరికరాల ప్రదర్శనలో బంగారు పతకం కూడా వచ్చింది.

ఇక అమ్మాలి. అసలు కష్టం ఇక్కడే మొదలైంది. ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివాడు తయారుచేసిన ముసుగును ప్రాణాల మీదికి తెచ్చుకుని ఎవరు తొడుక్కుంటారు? అందుకని మోర్గాన్ ఒక నాటకం ఆడాడు. ఆవిష్కర్తగా నిలబడి మాట్లాడటానికి ఒక తెల్లవాడిని పెట్టుకున్నాడు. తను మాత్రం బిగ్ చీఫ్ మేసన్ అనే అమెరికా ఆదివాసీ వేషం కట్టాడు. 1914లో న్యూ ఆర్లీన్స్‌లో ఒక గుడారం వేసి, లోపల తారు, గంధకం, పేడ, ఫార్మాల్డిహైడ్ కలిపి తగలబెట్టారు. బయట నిలబడ్డవాళ్లకే ఊపిరాడని ఆ పొగలోకి బిగ్ చీఫ్ ముసుగు తొడుక్కుని వెళ్లాడు. ఇరవై నిమిషాల తర్వాత నిక్షేపంగా నడిచి వచ్చాడు. ఆర్డర్లు వచ్చాయి.

ఇది మోసమా? నాకైతే ఆ మాట అనటానికి నోరు రాదు. వస్తువులో అబద్ధం లేదు, కొనేవాడి కళ్లలోనే ఉంది. కానీ సొంత ఆవిష్కరణ పక్కన సొంత ముఖంతో నిలబడలేకపోవటం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో నిద్రమత్తు పసిగట్టే కళ్లద్దాలో, హెల్మెట్ పెట్టకపోతే స్టార్ట్ కాని బైకో చేసినవాళ్లకు డెమో రోజు టెన్షన్ తెలుసు. స్లైడ్ల మీద పేరు మనది కాకపోతే?

వేషం ఎక్కువ కాలం నిలవలేదు. 1916 జులై 24 రాత్రి క్లీవ్‌లాండ్ పక్కనున్న ఈరీ సరస్సు కింద, వంద అడుగులకు పైగా లోతులో, నగరానికి మంచినీళ్లు తెచ్చే సొరంగం తవ్వుతుంటే గ్యాస్ పేలింది. లోపల కార్మికులు ఉండిపోయారు. కాపాడటానికి దిగినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. ఇంకెవరినీ పంపే ధైర్యం అధికారులకు లేకపోయింది. అప్పుడు ఎవరికో మోర్గాన్ ముసుగులు గుర్తొచ్చాయి. అర్ధరాత్రి దాటాక కబురందగానే సోదరుడు ఫ్రాంక్‌ని వెంటబెట్టుకుని, పడుకున్న పైజామాల్లోనే ముసుగులు తీసుకుని వచ్చేశాడు. చూస్తున్న జనంలో నమ్మకం లేదు. మోర్గాన్ మాట్లాడి ఒప్పించే ప్రయత్నం చేయలేదు. ముసుగు తొడుక్కుని తనే ముందు దిగాడు, వెనకాలే సోదరుడు. ఒకతన్ని మోసుకుని పైకి వచ్చాక మరి కొందరు ముసుగులు తీసుకుని దిగారు. ఇద్దరు ప్రాణాలతో బయటపడ్డారు. కొన్ని శవాలను పైకి తెచ్చారు. ఆ ప్రమాదంలో పోయినవాళ్లు సుమారు ఇరవై మంది.

తర్వాత జరిగింది మరీ బాధాకరం. చాలా పత్రికల్లో వీరుల పేర్లు వచ్చాయి, మోర్గాన్ సోదరుల పేర్లు లేవు. సాహసానికి ఇచ్చే కార్నెగీ పతకాలు వేరేవాళ్లకు వెళ్లాయి. పీల్చిన విషవాయువు ఒంటిమీద చూపిన ప్రభావానికి నగరం నుంచి పరిహారం కూడా అందలేదు. 1917లో నగర మేయర్‌కు ఉత్తరం రాసి తన ఆవేదన చెప్పుకున్నాడు. స్థానిక పౌరుల బృందం ఒకటి మాత్రం వజ్రాలు పొదిగిన పతకం చేయించి ఇచ్చింది. ఇంకో దెబ్బ వ్యాపారం మీద పడింది. సొరంగం వార్తలతో అసలు ఆవిష్కర్త ఎవరో బయటపడింది. ముసుగు పనిచేస్తుందని అంతకన్నా పెద్ద రుజువు ఏం కావాలి? అయినా దక్షిణాది నుంచి ఆర్డర్లు రద్దయ్యాయి.

నడిరోడ్డు మీద గమనించింది

అక్కడితో ఆగిపోతే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. మోర్గాన్ 1920లో నల్లజాతివాళ్ల కోసం క్లీవ్‌లాండ్ కాల్ అనే పత్రిక మొదలుపెట్టాడు. కారు కూడా కొన్నాడు. అప్పటి క్లీవ్‌లాండ్ రోడ్ల మీద కార్లు, గుర్రపు బండ్లు, సైకిళ్లు, నడిచేవాళ్లు అందరూ ఒకే దారిలో. మన ఊరి సంత రోజు గుర్తుకు తెచ్చుకుంటే చాలు. ఒకరోజు కూడలిలో ఒక కారు, ఒక గుర్రపు బండి ఢీకొనటం కళ్లారా చూశాడంటారు.

ఇక్కడ ఒక దిద్దుబాటు, జీకే చదివేవాళ్లకు పనికొస్తుంది. ట్రాఫిక్ లైటు కనిపెట్టింది మోర్గానే అని కొన్నిచోట్ల రాసేస్తుంటారు. అది సరికాదు. 1868లోనే లండన్‌లో పార్లమెంటు దగ్గర గ్యాస్‌తో వెలిగే సిగ్నల్ పెట్టారు. 1914లో ఇదే క్లీవ్‌లాండ్‌లో ఎరుపు, ఆకుపచ్చ రంగుల కరెంటు దీపాలు వచ్చాయి. మూడు రంగుల దీపాన్ని 1920లో డెట్రాయిట్ పోలీసు అధికారి విలియం పాట్స్ పెట్టాడు.

మోర్గాన్ చేసింది వేరు. టీ ఆకారంలో ఒక స్తంభం, దానికి చేతులు, చేత్తో తిప్పే మర. ఆగు, వెళ్లు అనే రెండు స్థితులే ఉంటే మారే క్షణంలో ఇటువాడు, అటువాడు కూడలి మధ్యలో కలుసుకుంటారు. అందుకే అన్ని వైపులనూ ఆపేసే మూడో స్థితి పెట్టాడు. వాహనాలు తప్పుకుంటాయి, నడిచేవాళ్లు దాటుతారు. రద్దీ తగ్గిన రాత్రివేళ చేతులను సగంలో నిలిపితే, జాగ్రత్తగా చూసుకుని వెళ్లమని అర్థం. అర్ధరాత్రి మన కూడళ్లలో మెరుస్తూ ఉండే పసుపు లైటు పని అదే. తక్కువ ఖర్చులో తయారవ్వాలన్నది ముందు నుంచీ అతని లెక్క. 1923 నవంబరు 20న పేటెంటు వచ్చింది, నంబరు 14,75,024. హక్కులను జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి అమ్మాడని చెబుతారు.

1931లో నగర కౌన్సిల్‌కు స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి ఓడిపోయాడు. 1943 నాటికి గ్లకోమాతో చూపు చాలావరకు పోయింది. మిషన్‌ని చూసి చూసి పని నేర్చుకున్నవాడికి అంతకన్నా కష్టం ఉండదు. అయినా పని మానలేదు. 1963 జులై 27న, 86 ఏళ్ల వయసులో క్లీవ్‌లాండ్‌లోనే కన్నుమూశాడు.

ఆ నగరం 1991లో తన నీటిశుద్ధి కేంద్రాల్లో ఒకదానికి పేరు మార్చింది. ఈరీ సరస్సు నీళ్లను శుభ్రం చేసి ఇళ్లకు పంపే ఆ కేంద్రం బోర్డు మీద ఇప్పుడున్నది గారెట్ ఎ. మోర్గాన్ పేరు.